అరవై వేల రిపేరు, నలభై అయిదు వేల బండి

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర ఊరు. నాకు 58 ఏళ్లు, గవర్నమెంటు స్కూల్లో టీచర్ని. 2011 జూన్‌లో కొన్న పెట్రోలు వ్యాగన్ఆర్ మా ఇంటికి మొదటి కారు, ఇప్పటికీ అదే. 94 వేల కిలోమీటర్లు తిరిగింది. స్కూలుకి బైకు మీదే వెళ్తాను కాబట్టి కారు ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు మించి తిరగదు. శ్రీకాకుళం బజారు, అరసవల్లి, చుట్టాల పెళ్లిళ్లు, రెండు నెలలకోసారి అమ్మని విశాఖలో గుండె డాక్టరుకి చూపించడం, అంతే. ఇప్పుడు క్లచ్ అరిగిపోయింది, గోతిలో పడితే ముందు చక్రాల దగ్గర టకటకమంటోంది, రేడియేటర్ కారుతోంది. మెకానిక్ 38 వేలు చెప్పాడు. డోర్ల కింద తుప్పుకి టింకరు పని, పెయింటు కలిపి ఇంకో 22 వేలట. ఎక్స్ఛేంజిలో షోరూమ్ వాళ్లు 45 వేలకి తీసుకుంటామన్నారు. కొత్త చిన్న కారు ఆన్‌రోడ్ 6 లక్షల 90 వేలు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ‘45 వేల బండికి 60 వేలు పెడతావా నాన్నా? జీఎస్టీ తగ్గింది, 5 లక్షలు లోను పెట్టి కొత్తది తీసేసుకో’ అంటున్నాడు. పదిహేనేళ్లు దాటితే అసలు బండి తిప్పనివ్వరని మా బావమరిది భయపెడుతున్నాడు. మెకానిక్ ‘ఏటి మాస్టారూ, ఇంజిను ఇంకా పదేళ్లు తిరుగుతాది’ అంటాడు. పెయింటు వేయిస్తే చాలని మా ఆవిడ. ఎవరి మాట వినను?

సమాధానం: మాస్టారూ, ముందు మీ బావమరిది గారి భయం తీర్చేస్తే మిగతాది స్థిమితంగా మాట్లాడుకోవచ్చు. ఆయన విన్నది ఢిల్లీ సంగతి. అక్కడా, ఆ చుట్టుపక్కల రాజధాని ప్రాంతంలోనూ పదేళ్లు దాటిన డీజిలు బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు చెప్పాయి. అక్కడి గాలి కోసం పెట్టిన ఆ నిబంధన మన జిల్లాకి రాదు. ఇక్కడ సొంత కారుకి పదిహేనేళ్లు నిండితే ఆర్సీ గడువు మాత్రమే తీరుతుంది. బండిని రవాణా ఆఫీసుకి తీసుకెళ్లి చూపించి, ఫిట్‌గా ఉందనిపించుకుంటే అయిదేళ్లకి రెన్యూవల్ చేస్తారు.

గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీకు జూన్‌లో తీరుతుంది కాబట్టి ఏప్రిల్ నుంచే ఆ పని మీద ఉండండి, ఎందుకంటే ఆలస్యమైతే కారుకి నెలకి 500 చొప్పున పడుతుంది. రెన్యూవల్ ఫీజు కారుకి 5,000. దాని మీద పరీక్ష ఖర్చు, గ్రీన్ ట్యాక్స్, సర్వీసు చార్జీలు కలుస్తాయి. మొత్తం మీద పది పదిహేను వేలు పక్కన పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. వెళ్లే ముందు పాత చలానాలు ఏమైనా ఉన్నాయేమో చూసి కట్టేయండి, పొల్యూషన్ సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు గడువులో ఉండాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి రెన్యూవల్ ఫీజు 10,000 చేస్తూ 2025 ఆగస్టులో కేంద్రం నిబంధన మార్చింది. అది మీ దాకా వచ్చేసరికి 2031. అప్పటికి ఈ బండి ఉండదనే నా అంచనా.

ఇక మీ అబ్బాయి లెక్క. 45 వేల బండికి 60 వేల రిపేరా అనడం వినడానికి న్యాయంగానే ఉంటుంది. పాత బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే మాట వినిపిస్తుంది. కానీ 45 వేలనేది మీరు బండిని అమ్మేస్తే షోరూమ్ వాడు చేతిలో పెట్టే డబ్బు. మీకు కావలసింది ఆ డబ్బు కాదు, ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు మిమ్మల్నీ అమ్మగారినీ తిప్పే బండి. ఆ పని వేరే బండితో చేయించుకుంటే ఏడాదికి ఎంతవుతుందో, రిపేరు ఖర్చుని దాని పక్కన పెట్టి చూడాలి.

చూద్దాం. 5 లక్షల లోను, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అనుకుంటే నెలకి సుమారు 10,500 వాయిదా. అయిదేళ్లలో వడ్డీయే లక్షా ముప్పై వేలు, అంటే ఏడాదికి 26 వేలు. ఈ రోజు 6 లక్షల 90 వేలు పెట్టిన కారు అయిదేళ్ల తర్వాత మంచి కండిషన్లో మూడున్నర లక్షలు పలికిందనుకుందాం. అంటే ఏడాదికి 68 వేలు గాల్లో కలిసినట్టు. కొత్త బండికి ఫుల్ ఇన్సూరెన్సు లేకుండా లోను ఇవ్వరు, అదొక పదో పన్నెండో వేలు. మొత్తం ఏడాదికి లక్ష దాటింది. మీ ఆరు వేల కిలోమీటర్లకి పంచితే, పెట్రోలు పొయ్యకముందే కిలోమీటరుకి పదిహేడు రూపాయల పైమాట.

పాత బండికి ఈ ఏడాది 38 వేల రిపేరు, రెన్యూవల్ ఖర్చు, మామూలు సర్వీసింగు, ఇంకేదో ఊడుతుందని ఒక పదిహేను వేలు వేసుకున్నా 80 వేలు దాటదు. వచ్చే ఏడాది నుంచి 30 వేల దగ్గర ఆగుతుంది. మూడేళ్లకి లక్షా నలభై వేలు ఒకవైపు, మూడు లక్షల పైచిలుకు ఇంకోవైపు. లెక్కలో నేను కొత్త కారుకి కొంచెం మొగ్గు చూపించినా తేడా ఇంత ఉంది.

ఇంకోటి, ఇది మీ అబ్బాయికి తట్టినట్టు లేదు. మీకు 58. రిటైర్మెంటు 62కి. అయిదేళ్ల వాయిదాలు పెట్టుకుంటే జీతం ఆగిపోయాక కూడా ఏడాది పాటు కడుతూ ఉండాలి. నేను కడతానులే నాన్నా అని అతను అనొచ్చు, మనస్ఫూర్తిగానే అనొచ్చు. అయినా లోను ఎవరి పేరున ఉంటుందో బ్యాంకు వాళ్లు వాళ్లకే ఫోన్ చేస్తారు.

జీఎస్టీ తగ్గిన మాట నిజమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 1200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోలు కార్లకి 28 శాతం, పైన సెస్సు ఉండేది పోయి 18 శాతం అయింది. అయితే అది పన్ను రేటు. దసరాకి పెట్టి దీపావళికి తీసేసే ఆఫరు కాదు. వచ్చే ఏడాది కొన్నా అదే రేటు ఉంటుందనుకుని నింపాదిగా ఉండండి. ఇప్పుడే కొనకపోతే పోతుందని ఎవరైనా తొందరపెడుతుంటే ఆ తొందర వాళ్ల నెలాఖరు టార్గెట్టుది.

ఇంత చెప్పాక, బండి ఉంచేసుకోండి అని రాసి ముగించడం తేలిక. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఊరి పేరు.

మీ మెకానిక్ ఇంజిను గురించి అన్నది తప్పు కాదు. ఆ ఏడాది వ్యాగన్ఆర్‌లో ఉన్నది 998 సీసీ కె-సిరీస్ ఇంజిను. లోపలి భాగాలని వేళకి తిప్పేది దానిలో రబ్బరు బెల్టు కాదు, చైను. ఆయిలు వేళకి మార్చినవాళ్ల దగ్గర 94 వేలు దానికొక లెక్క కాదు. అయితే మీరు ఉండేది వంశధార సముద్రంలో కలిసే చోట. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు రేకు మీద కూర్చుని గాలిలో తేమని లాక్కుంటుంది. పెద్దగా తిరగని బండికి ఇది మరీ ప్రమాదం. రోజూ తిరిగే బండి వేడెక్కి ఆరుతుంది, వారానికి ఆరు రోజులు వాకిట్లో నిలబడ్డ బండి తడి మీద తడి పట్టి ఉంటుంది. ఇంజిను చెడితే బాగుచేసుకోవచ్చు, క్లచ్ పోతే మార్చుకోవచ్చు. మోసే రేకు తినేస్తే మాత్రం చేయగలిగింది పెద్దగా లేదు. కాబట్టి 38 వేలలో ఒక్క రూపాయి అయినా ఖర్చు పెట్టకముందు బండి కింద చూడాలి.

శ్రీకాకుళంలో లిఫ్టో ర్యాంపో ఉన్న షెడ్డుకి తీసుకెళ్లండి. మీ మెకానిక్ దగ్గరికీ వద్దు, ఎక్స్ఛేంజి చెప్పిన షోరూముకీ వద్దు. ఒకరికి రిపేరులో లాభం, ఇంకొకరికి అమ్మకంలో లాభం. సంబంధం లేని మనిషికి చూసిన కూలి అయిదారు వందలు ఇచ్చి చూపించుకోండి, మీరూ పక్కనే నిలబడండి. బండి పైకి లేచాక ఒక స్క్రూడ్రైవరు, ఒక స్పానర్ పట్టుకుని కిందికి వెళ్లండి. డోర్ల కింద పొడుగ్గా పెట్టెలా ఉండే రేకుని స్పానర్‌తో తట్టుకుంటూ రండి. గట్టి రేకు ఠంగుమని మోగుతుంది, లోపల తిన్న రేకు డొల్ల చప్పుడు చేస్తుంది, ఒక్కోసారి పొట్టు రాలుతుంది. ఆ పెట్టె అడుగున నీరు కారిపోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోతే వానాకాలం నీళ్లు లోపలే నిలుస్తాయి. మీ డోర్ల కింద తుప్పుకి ముప్పాతిక వంతు కారణం అదే అయి ఉంటుంది.

అక్కడ తుప్పుందని కంగారు పడక్కర్లేదు. చిన్న చిల్లులైతే కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తారు. అసలు చూడాల్సినవి వేరే. ముందు చక్రాలని పట్టుకునే లోయర్ ఆర్మ్‌లు బాడీకి బిగించే చోటు, బానెట్ ఎత్తితే రెండు పక్కలా కనిపించే షాక్ అబ్జార్బర్ల గుండ్రటి తలలు కూర్చునే రేకు, వెనక యాక్సిల్ బాడీకి తగిలే చోటు. ఈ చోట్ల స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. పైపైన ఎర్రగా ఉంటే ఫర్వాలేదు, గీకి ప్రైమర్ వేయించుకోవచ్చు. మొన లోపలికి దిగిందంటే మాత్రం ఆ బండి మీద ఇక ఖర్చు పెట్టకండి. తర్వాత, ముందు నుంచి వెనక చక్రాల దాకా పోయే సన్నటి ఇనుప గొట్టాలు చూడండి, అవి బ్రేకు పైపులు. క్లిప్పుల దగ్గర ఉబ్బి పొట్టు లేస్తుంటే వెంటనే మార్పించాలి. మార్చడానికి పెద్ద ఖర్చు కాదు, పగిలితే మాత్రం బ్రేకు తొక్కిన కాలు నేలకి పోతుంది. చివరగా కాళ్ల కింద మ్యాట్లు ఎత్తి రేకు తడిమి చూడండి.

కింద బాగుంటే నా సలహా స్పష్టం: 38 వేల పని చేయించి, రెన్యూవల్ చేయించి, మీ రిటైర్మెంటు దాకా ఉంచుకోండి. మెకానిక్ లిస్టులో నేనొకటి కలుపుతాను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, మీ బండి తయారైన నాటికి ఆ ఆలోచన లేదు. పాత బండ్లలో మైలేజీ 3 నుంచి 6 శాతం దాకా తగ్గొచ్చని పెట్రోలియం శాఖే చెప్పింది. మైలేజీ సంగతి అటుంచి, రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు త్వరగా పాడవచ్చు. ఫ్యూయల్ గొట్టం పదిహేనేళ్లనాటిదే అయితే ఇప్పుడే మార్పించేయండి. అందులో బేరమాడకండి.

నెల నెలా 10,500 వాయిదా కట్టగలమని మీ ఇంట్లో అనుకున్నారు కదా. అందులో 8 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. నాలుగేళ్లకి వడ్డీ కాకుండానే 3 లక్షల 84 వేలు. రిటైరయ్యాక నచ్చిన బండి లోను లేకుండా కొనుక్కోవచ్చు. అప్పటికి అమ్మగారి అవసరాలు, మీ ప్రయాణాలు ఎలా ఉంటాయో చూసుకుని మరీ కొనొచ్చు.

మొన దిగితే కథ వేరు. క్లచ్ వేయించొద్దు, రంగు వేయించొద్దు. ఎక్స్ఛేంజికి ఇచ్చేయండి, లేదా గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, బండి తుక్కుకి అప్పగించినట్టు వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్టు తీసుకోండి. 2021 ఆగస్టులో తెచ్చిన స్క్రాపింగ్ విధానం ప్రకారం ఆ సర్టిఫికెట్టు మీద సొంత బండి కొంటే రోడ్డు ట్యాక్సులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చు. మీ లైఫ్ ట్యాక్సులో ఎంత తగ్గుతుందో షోరూమ్ వాళ్ల చేత కొటేషన్ మీద రాయించుకున్నాకే పాత బండి తాళాలు ఇవ్వండి. ఎవరికో చేతిలో చేయి వేసి అమ్మేద్దామనుకుంటే మాత్రం రెండు సంగతులు. లోపల తినేసిన బండిని తెలిసి తెలిసి ఇంకో ఇంటికి అంటగట్టడం మాస్టారు చేసే పని కాదు. ఆర్సీ కొన్నాయన పేరు మీదకి మారేదాకా ఆ బండి చేసే యాక్సిడెంటు కేసు మీ పేరు మీదకే వస్తుంది.

అప్పుడు కూడా కొత్తదే కొనాలని లేదు. 2020 తర్వాత తయారైన సెకండ్‌హ్యాండ్ కారు చూడండి. 2019 ఏప్రిల్ నుంచి కార్లకి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఆ ఏడాది జూలై నుంచి డ్రైవరుకి ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. ముందు సీట్లో రెండోవారికి కూడా ఉండాలంటే 2022 నుంచి తయారైన బండి అయితే అనుమానమే ఉండదు. దాన్ని కూడా లిఫ్టు ఎక్కించి, ఇదే స్క్రూడ్రైవర్‌తో చూడండి. తీరం ఊళ్లలో తిరిగిన బండి కంటే పాలకొండ వైపో బొబ్బిలి వైపో తిరిగిన బండి దొరికితే మేలు.

ఎయిర్‌బ్యాగు మాట వచ్చింది కాబట్టి, మీ ఉత్తరంలో ఎవరూ ఎత్తని విషయం ఇదే. కొత్త కారుకి అనుకూలంగా ఉన్న ఒకే ఒక్క బలమైన కారణం కూడా ఇదే. అప్పట్లో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ అందరికీ వచ్చేవి కావు. మీ దానిలో బహుశా రెండూ లేవు. అరసవల్లి దాకా నలభై స్పీడులో వెళ్లే బండికి అది పెద్ద లోటు కాదు. జాతీయ రహదారి మీద లారీల మధ్య, పెద్దావిడని వెనక కూర్చోబెట్టుకుని విశాఖ వెళ్లి చీకటి పడ్డాక తిరిగి రావడం వేరు. మీ ప్రయాణాల్లో ఈ పని చేసేవి ఏడాదికి ఆరే. వాటికి ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కండి, అమ్మగారు మెట్లెక్కలేకపోతే ఎయిర్‌బ్యాగులున్న అద్దె కారు మాట్లాడుకోండి. ఏడాదికి ఆరు అద్దె ప్రయాణాలు చేసినా, పైన చూసిన లక్షలో మూడో వంతు కూడా ఖర్చు కాదు. ఇవి ఆరు నుంచి నెలకి రెండు అయ్యే పరిస్థితి వస్తే, బండి కింద ఎంత బాగున్నా సరే, మార్చేయమని నేనే చెప్తాను.

ఇన్సూరెన్సు అడగలేదు గానీ రెన్యూవల్‌కి కావాలి కాబట్టి ఒక మాట. వెయ్యి సీసీ లోపు కారుకి థర్డ్ పార్టీ (అవతలివాళ్లకి జరిగే నష్టానికి మాత్రమే) ప్రీమియం 2022లో పెట్టిన రేటు ప్రకారం 2,094, పైన జీఎస్టీ. దానితో పాటు యజమానికి 15 లక్షల ప్రమాద బీమా తప్పకుండా పెట్టించుకోండి. తుఫాను ప్రాంతం కదా, ఫుల్ ఇన్సూరెన్సు వద్దా అంటారేమో. హుద్‌హుద్, తిత్లీ చూసిన జిల్లాలో ఆ ప్రశ్న సహజమే. పదేళ్లు దాటిన బండికి క్లెయిములో ఇనుప భాగాలకి సగం ధర కోసేస్తారు, రబ్బరు, ప్లాస్టిక్‌కి కూడా సగమే. ఆ ప్రీమియం డబ్బుతో వాకిట్లో రేకుల షెడ్డు వేయించండి. కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు.

షెడ్డులో పెట్టాక కవరు కప్పకండి, తడి లోపలే ఉండిపోతుంది. నెలకి రెండుసార్లు బండి కింద నీళ్లు కొట్టించండి. ఇక్కడొక చిక్కుంది, మీ వైపు చాలా బోర్లలో ఉప్పునీళ్లే. ఆ నీళ్లతో కడిగితే బండికి ఉప్పు పూసినట్టే. నాలుక మీద వేసుకుని చూసి, ఉప్పగా ఉంటే శ్రీకాకుళం వెళ్లినప్పుడు మంచినీళ్లున్న సర్వీసింగు సెంటర్లో కడిగించుకు రండి.

ఇక మీ ఆవిడ గారి పెయింటు. ఈ ఏడాదికి వద్దని చెప్పండి, కారణం డబ్బు కాదు. తుప్పు మీద లప్పం పెట్టి రంగు కొడితే ఆరు నెలలు తళతళలాడుతుంది, లోపల రేకు తినడం మాత్రం ఆగదు, పైగా కనపడకుండా తింటుంది. డోర్ల కింద తుప్పు కోయించి, రేకు వెల్డింగ్ చేయించి, ప్రైమరు, లోపలి పక్క ఆయిలు లాంటి తుప్పు మందు కొట్టించమనండి. టింకరుతో ఈ పని మాత్రమే మాట్లాడితే 22 వేలలో సగం కూడా అవదు. ప్యాచీలు ప్యాచీలుగా ఓ ఏడాది కనిపిస్తుంది. వచ్చే సంక్రాంతికి కూడా ఆ ప్యాచీల దగ్గర తుప్పు మళ్లీ లేవకపోతే, అప్పుడు ఆవిడ చెప్పిన రంగే వేయించండి.